ఒకే ఓయూలో రెండు కంప్యూటర్లు: ఒకటి లాక్ అవుతోంది, ఒకటి అవ్వట్లేదు. పాలసీలు పోల్చేదెలా?

కొత్తఅడ్మిన్ · సోమవారం 10:40

అందరికీ నమస్కారం. ఈ నెట్‌వర్క్ నా చేతికొచ్చి రెండు నెలలే అయింది. ముందున్నాయన వెళ్లిపోతూ పాస్‌వర్డ్‌లు ఇచ్చారు గానీ నోట్స్ ఏమీ ఇవ్వలేదు. డొమైన్‌లో అరవై పైచిలుకు గ్రూప్ పాలసీలున్నాయి, అంటే కంప్యూటర్లకి సెట్టింగులు పంపే నియమాల మూటలు. సగం పేర్లు "కొత్త పాలసీ 2", "టెస్ట్", "టెస్ట్ ఫైనల్" ఇలాంటివే.

సమస్య ఇదీ. పక్కపక్క టేబుళ్ల మీద రెండు డెస్క్‌టాప్‌లు, రెండూ ఒకే ఓయూలో (ఆర్గనైజేషనల్ యూనిట్, డొమైన్‌లో కంప్యూటర్లను పెట్టే ఫోల్డర్ లాంటిది) ఉన్నాయి. మొదటిది పదిహేను నిమిషాలు ముట్టుకోకపోతే లాక్ అవుతుంది. రెండోది గంట వదిలేసినా అలాగే తెరుచుకుని ఉంటుంది. మా మేనేజర్‌కి ఎవరో చెప్పారట, "తేడా ఎక్కడుందో శుక్రవారంలోపు చెప్పు" అన్నారు.

రెండు రోజులుగా మేనేజ్‌మెంట్ కన్సోల్‌లో రెండు విండోలు పక్కపక్కన పెట్టుకుని ఒక్కో పాలసీ తెరిచి ఎక్సెల్‌లో రాసుకుంటున్నా. ఇరవై రెండు అయ్యాయి, కళ్లు పోతున్నాయి. పాలసీలను తనంతట తానే పోల్చే టూల్ ఏదైనా ఉందా?

అరవైనాలుగుబిట్లు · సోమవారం 10:52

పాలసీ ఎనలైజర్. మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ కంప్లయన్స్ టూల్‌కిట్‌లో ఉచితంగా వస్తుంది. జీపీఓలన్నిటికీ (ఒక్కో గ్రూప్ పాలసీనే జీపీఓ అంటారు) బ్యాకప్ తీసి అందులోకి ఎక్కించండి. ఒక్కో సెట్టింగ్ ఒక్కో వరుసలో, ఒక్కో పాలసీ ఒక్కో నిలువు వరుసలో కనిపిస్తుంది. విలువలు తేడాగా ఉన్నచోట పసుపు రంగు. ఎక్సెల్‌కి ఎగుమతి కూడా చేస్తుంది. మీ రెండు రోజుల పని పది నిమిషాల్లో అయిపోతుంది.

పాతసర్వర్ · సోమవారం 11:15

ఒక్క నిమిషం ఆగండి. టూల్ మంచిదే, నేనూ వాడతాను. కానీ ఈ సమస్యకి అది పనికిరాదు.

తమ్ముడూ, రెండు కంప్యూటర్లూ ఒకే ఓయూలో ఉన్నాయన్నావు. అంటే రెండింటికీ వచ్చే పాలసీల జాబితా ఒకటే కావాలి. మరి నువ్వు దేన్ని దేనితో పోలుస్తున్నావు? పాలసీని పాలసీతో. తేడా ఉన్నది కంప్యూటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య. అరవై పాలసీలనూ అక్షరం అక్షరం పోల్చినా, ఆ రెండో డెస్క్‌టాప్ వాటిలో దేన్ని తీసుకుంది, దేన్ని పక్కన పెట్టింది అన్నది నీ ఎక్సెల్‌లో ఎక్కడా ఉండదు.

పాలసీలు పడే వరుస తెలుసుగా: ముందు లోకల్, తర్వాత సైట్, తర్వాత డొమైన్, చివర ఓయూ. ఒకే సెట్టింగ్ రెండు చోట్ల ఉంటే చివర పడ్డదే నిలుస్తుంది. దాని మీద మళ్లీ ఎన్‌ఫోర్స్‌డ్, బ్లాక్ ఇన్‌హెరిటెన్స్, సెక్యూరిటీ ఫిల్టర్, డబ్ల్యూఎంఐ (కంప్యూటర్ వివరాలు అడిగే విండోస్ సేవ) ఫిల్టర్, లూప్‌బ్యాక్... ఇన్ని జల్లెడలు దాటాక కంప్యూటర్ మీద మిగిలిందేమిటో చూడాలి.

రెండింటి మీదా జీపీరిజల్ట్ కమాండ్‌ని హెచ్ స్విచ్‌తో నడిపి, వచ్చిన హెచ్‌టీఎంఎల్ రిపోర్టులు పక్కపక్కన పెట్టు. ప్రతి సెట్టింగ్ ఎదురుగా "విన్నింగ్ జీపీఓ" అని ఉంటుంది. నీక్కావలసింది అదొక్కటే.

కొత్తఅడ్మిన్ · సోమవారం 11:48

నడిపాను సార్. రెండు రిపోర్టుల్లోనూ యూజర్ భాగం మాత్రమే వచ్చింది, కంప్యూటర్ భాగమే లేదు. ఆర్‌ఎస్‌ఓపీ (చివరికి వర్తించిన పాలసీలు చూపే) కన్సోల్ తెరిచి అందులో చూడొచ్చా?

రాత్రిడ్యూటీ · సోమవారం 11:50

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవలేదు మీరు. అలా తెరవకపోతే కంప్యూటర్ భాగం ఇవ్వదు.

ఆర్‌ఎస్‌ఓపీ కన్సోల్ జోలికి పోవద్దు. విస్టా సర్వీస్ ప్యాక్ 1 నాటి నుంచీ అది అన్ని సెట్టింగులూ చూపించదు. తెరవగానే ఆ మాట అదే చెబుతుంది, మనమే చదవకుండా ఓకే నొక్కేస్తాం.

స్క్రిప్టమ్మ · సోమవారం 12:20

రిపోర్టులు వచ్చేలోపు ఇంకోటి కూడా చూసేయండి. ఒక్కో జీపీఓ రెండు చోట్ల బతుకుతుంది. సగం యాక్టివ్ డైరెక్టరీలో, సగం సిస్‌వాల్ ఫోల్డర్‌లో. ఈ రెండూ ఒక డొమైన్ కంట్రోలర్ (డీసీ, డొమైన్‌ని నడిపే సర్వర్) నుంచి ఇంకోదానికి వేర్వేరు దారుల్లో రెప్లికేట్ అవుతాయి, అంటే నకలవుతాయి. ఒక డొమైన్ కంట్రోలర్‌లో సిస్‌వాల్ వెనకబడితే ఆ డీసీని పట్టుకున్న కంప్యూటర్‌కి పాత సెట్టింగులే అందుతాయి. పాలసీ ఒకటే, ఓయూ ఒకటే, ఫలితం మాత్రం రెండు రకాలు.

పాలసీ ఫోల్డర్‌లో జీపీటీ డాట్ ఐఎన్ఐ అని చిన్న ఫైలుంటుంది, అందులో వెర్షన్ అని ఒక అంకె. అది విడ్డూరంగా ఉంటుంది, ఉదాహరణకి 196613. లక్షా తొంభై ఆరు వేల సార్లు మార్చారా అని భయపడకండి. ఒకే అంకెలో రెండు లెక్కలు ఇరికించారు: పై 16 బిట్లు యూజర్ భాగానికి, కింది 16 బిట్లు కంప్యూటర్ భాగానికి. 65536తో భాగిస్తే 3 వస్తుంది, 5 మిగులుతుంది. అంటే యూజర్ వెర్షన్ 3, కంప్యూటర్ వెర్షన్ 5. ఇదే అంకె డైరెక్టరీలోనూ ఉండాలి, అన్ని డీసీల్లోనూ ఉండాలి. ఎక్కడైనా తేడా ఉంటే పాలసీల సంగతి వదిలేసి ముందు రెప్లికేషన్ బాగుచేయాలి.

లాగ్‌చదివేవాడు · సోమవారం 12:31

ఈవెంట్ వ్యూయర్‌లో గ్రూప్ పాలసీ ఆపరేషనల్ లాగ్. 5312 అంటే వర్తించిన పాలసీల జాబితా. 5313 అంటే వడపోతలో పోయినవాటి జాబితా. రిపోర్ట్ కూడా అక్కర్లేదు, ఈ రెండూ చాలు నాకు.

కొత్తఅడ్మిన్ · సోమవారం 15:05

అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచాక పూర్తి రిపోర్ట్ వచ్చింది. వెర్షన్లు రెండు డీసీల్లోనూ సరిపోయాయి, క్యాలిక్యులేటర్ పెట్టి మరీ చూశా.

"ఇంటరాక్టివ్ లాగాన్: మెషీన్ ఇనాక్టివిటీ లిమిట్" దగ్గర:

మొదటి కంప్యూటర్: 900 సెకన్లు, విన్నింగ్ జీపీఓ "వర్క్‌స్టేషన్ భద్రత".
రెండో కంప్యూటర్: 0 సెకన్లు, విన్నింగ్ జీపీఓ "టెస్ట్ కియాస్క్".

ఈ టెస్ట్ కియాస్క్ అన్నది అదే ఓయూకి లింక్ అయి ఉంది. లింక్ ఆర్డర్ 1. వర్క్‌స్టేషన్ భద్రత లింక్ ఆర్డర్ 2. ఒకటో నంబరుది ముందు పడుతుంది, రెండోది దాని మీద పడి కప్పేస్తుంది అనుకున్నా. అందుకే ఎక్సెల్‌లో కియాస్క్ వరుస చూసి కూడా పట్టించుకోలేదు.

పాతసర్వర్ · సోమవారం 15:22

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. లింక్ ఆర్డర్‌ని కింది నుంచి పైకి చదవాలి. పెద్ద నంబరు ముందు పడుతుంది, 1 అందరికంటే చివర పడుతుంది, కాబట్టి 1దే గెలుపు.

అయితే మొదటి కంప్యూటర్ ఎందుకు తప్పించుకుంది? కియాస్క్ పాలసీ స్కోప్ ట్యాబ్‌లో సెక్యూరిటీ ఫిల్టరింగ్ చూడు. ఏదో గ్రూపు పేరు ఉండి తీరాలి, రెండో కంప్యూటర్ అందులో సభ్యురాలై ఉండాలి.

కొత్తఅడ్మిన్ · సోమవారం 15:40

ఉంది సార్! "పరీక్ష యంత్రాలు" అని ఒక గ్రూపు. రెండోది ఒకప్పుడు రిసెప్షన్‌లో కియాస్క్‌గా వాడారట, తర్వాత మామూలు టేబుల్ మీదికి వచ్చింది. గ్రూపులోంచి మాత్రం ఎవరూ తీయలేదు.

ఇప్పుడు తీసేశాను. జీపీఅప్‌డేట్ ఫోర్స్ కొట్టాను. మళ్లీ రిపోర్ట్ తీస్తే... ఇంకా కియాస్కే గెలుస్తోంది. మూడుసార్లు కొట్టాను.

స్క్రిప్టమ్మ · సోమవారం 15:47

ముప్పై సార్లు కొట్టినా అంతే. రిపోర్ట్‌లో కంప్యూటర్ ఏయే సెక్యూరిటీ గ్రూపుల్లో ఉందో ఒక జాబితా ఉంటుంది, చూడండి. "పరీక్ష యంత్రాలు" ఇంకా అందులోనే ఉంటుంది. కంప్యూటర్ కూడా మనలాగే లాగాన్ అవుతుంది, తన గ్రూపుల జాబితాను అప్పుడే తెచ్చుకుంటుంది. బూట్ అయినప్పుడు తెచ్చుకున్న ఆ జాబితానే పట్టుకుని కూర్చుంది. రీస్టార్ట్ చేయండి. ఈ సెట్టింగ్ అమల్లోకి రావడానికి ఎలాగూ రీస్టార్ట్ కావాలి, రెండు పనులూ ఒకేసారి తీరతాయి.

రీస్టార్ట్ కుదరని సర్వర్లకైతే సిస్టమ్ అకౌంట్ కెర్బెరోస్ టికెట్లను (లాగాన్ గుర్తింపు చీటీలు) కేలిస్ట్ కమాండ్‌తో తుడిచేసి పాలసీ రిఫ్రెష్ చేయొచ్చు. డెస్క్‌టాప్‌కి అంత అవసరం లేదు.

కొత్తఅడ్మిన్ · సోమవారం 16:10

900! లాక్ అయింది! పదిహేను నిమిషాలూ చేతులు కట్టుకుని దాని ముందే కూర్చున్నా.

అందరికీ చాలా థాంక్స్. ఈ సంగతి మేనేజర్‌కి చెబితే "బాగుంది, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అన్నారు. మొత్తం రెండు వందల కంప్యూటర్లు సార్. ఒక్కోదానికీ హెచ్‌టీఎంఎల్ తెరిచి చూడలేను కదా.

స్క్రిప్టమ్మ · సోమవారం 21:30

నేను ఇదే పని మూడు నెలలకోసారి చేస్తాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

పవర్‌షెల్‌లో గ్రూప్ పాలసీ మాడ్యూల్ ఉంది. రిజల్టెంట్ సెట్ ఆఫ్ పాలసీ తెచ్చే కమాండ్‌కి కంప్యూటర్ పేరిస్తే రిపోర్ట్ ఎక్స్‌ఎంఎల్‌లో వస్తుంది. పేర్ల జాబితా మీద లూప్ తిప్పేయండి. అవతలి కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, ఫైర్‌వాల్ డబ్ల్యూఎంఐని రానివ్వాలి. యూజర్ భాగం కావాలంటే ఆ యూజర్ ఆ కంప్యూటర్‌లో ఒక్కసారైనా లాగిన్ అయి ఉండాలి. మొదటి రోజు నలభై కంప్యూటర్లు జవాబివ్వవు. అది మామూలే, మూడు రోజులు వరసగా నడిపితే చాలావరకు దొరుకుతాయి.

ఆ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను నేరుగా డిఫ్ టూల్‌లో (రెండు ఫైళ్ల తేడాలు చూపేది) మాత్రం వేయకండి. మొదటిసారి నేను అదే చేశాను. ప్రతి ఫైలూ ప్రతి ఫైలుతోనూ తేడా అని చూపించింది. రిపోర్ట్ చదివిన సమయం అందులోనే ఉంటుంది, అది ఏ రెండింటికీ ఒకటి కాదు. వరుస కూడా మారుతుంది. పైగా "ఎవరెవరు లాగిన్ కావచ్చు" లాంటి చోట ఒకదాంట్లో అడ్మినిస్ట్రేటర్స్ ముందుంటే ఇంకోదాంట్లో యూజర్స్ ముందుంటుంది. అర్థం ఒకటే, డిఫ్‌కి మాత్రం ఎర్ర గీత. కాబట్టి ముందు ఆ ఎక్స్‌ఎంఎల్‌ను పిండి, ఒక్కో సెట్టింగ్‌ని ఒక్కో లైనుగా తీయండి: కంప్యూటర్ పేరు, సెట్టింగ్ పేరు, విలువ, గెలిచిన పాలసీ. విలువలో జాబితా ఉంటే అక్షరక్రమంలో పెట్టండి. గ్రూపుల పేర్లను కాకుండా ఎస్ఐడీలను (విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) పోల్చండి, పేరు మారినా ఎస్ఐడీ మారదు.

ఇక పోలిక. రెండు వందలను రెండు వందలతో పోల్చక్కర్లేదు. ఒక్కో సెట్టింగ్ తీసుకుని ఏ విలువ ఎన్ని కంప్యూటర్లలో ఉందో లెక్కపెట్టండి. 197 చోట్ల 900, మూడు చోట్ల 0 అని వస్తే ఆ మూడింటినే చూస్తారు. మందలోంచి విడిపోయినవాటిని పట్టుకోవడమే పని.

ఇంకోటి. పాలసీ మార్చిన వెంటనే ఈ లెక్క తీయొద్దు. మామూలు కంప్యూటర్లు 90 నిమిషాలకోసారి రిఫ్రెష్ అవుతాయి, దాని మీద 0 నుంచి 30 నిమిషాల్లో ఎంతో కొంత ఆలస్యం కలుస్తుంది, అన్నీ ఒకేసారి డీసీ మీద పడకుండా. రెండు గంటలైనా ఆగకపోతే సగం పాతవీ సగం కొత్తవీ కలిసి వస్తాయి.

అరవైనాలుగుబిట్లు · మంగళవారం 09:12

స్క్రిప్టమ్మ గారి పద్ధతి బాగుంది గానీ ఒక చోట ఒప్పుకోను. మందంతా తప్పు దారిలో ఉంటే? 200 కంప్యూటర్లలోనూ 0 ఉంటే మీ లెక్క "తేడాలేమీ లేవు, అంతా సవ్యం" అంటుంది. యంత్రాలను ఒకదానితో ఒకటి పోల్చుకోవడం కాదు, బయటి కొలబద్ద ఒకటి ఉండాలి. మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ బేస్‌లైన్‌లు (సిఫారసు చేసిన సెట్టింగుల జాబితాలు) అదే టూల్‌కిట్‌లో దొరుకుతాయి. ఇనాక్టివిటీ లిమిట్‌కి అందులోనూ 900 అనే ఉంటుంది. పాలసీ ఎనలైజర్‌లో బేస్‌లైన్ ఒక పక్క, ఆ కంప్యూటర్ అసలు స్థితి ఇంకో పక్క పెట్టి చూడొచ్చు. నిన్న దాన్ని పనికిరాదని తీసిపారేశారు కాబట్టి చెబుతున్నా.

పాతసర్వర్ · మంగళవారం 09:40

తీసిపారేయలేదు స్వామీ, నిన్నటి ప్రశ్నకి అన్నాను. కొలబద్ద మాట ఒప్పుకుంటున్నా, మా దగ్గర రెండూ చేస్తాం. కానీ ఆ టూల్ చూసేది రిజిస్ట్రీ పాలసీ ఫైలు, సెక్యూరిటీ టెంప్లేట్, ఆడిట్ సీఎస్వీ. లింకులు, ఫిల్టర్లు దాని లెక్కలో లేవు. పసుపు గడి కనిపిస్తే "ఈ రెండు పాలసీలూ ఒకే చోట పడితే గొడవ" అని మాత్రమే అర్థం. ఒకే చోట పడతాయా లేదా అన్నది అది చెప్పదు.

పోలికలో ఇంకో గొయ్యి ఉంది, నేను పడ్డదే. చాలా ఏళ్ల కిందట, అప్పుడు పనిచేసిన చోట, డొమైన్ స్థాయి పాలసీలో "లాగాన్ యాజ్ ఎ సర్వీస్" హక్కు మూడు అకౌంట్లకి ఇచ్చి ఉంది. సర్వర్ల ఓయూకి కొత్త పాలసీ రాస్తూ అదే హక్కుని నాలుగో అకౌంట్‌కి ఇచ్చాను. రెండు పాలసీలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నా: ఇక్కడ మూడు, అక్కడ ఒకటి, మొత్తం నాలుగు. హాయిగా ఇంటికెళ్లా. యూజర్ రైట్స్ జాబితాలు కలవవు. గెలిచిన పాలసీ జాబితా మొత్తం జాబితానే మార్చేస్తుంది. ఆ మూడూ పోయాయి. నడుస్తున్న సర్వీసులు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి వారం దాకా ఎవరికీ తెలియలేదు. నెలవారీ ప్యాచ్‌ల రోజు రాత్రి సర్వర్లు రీస్టార్ట్ అయ్యాయి, బ్యాకప్ సర్వీసు 1069 ఎర్రర్‌తో లేవలేదు. తెల్లారేదాకా నేను ఆ సర్వీసు అకౌంట్ పాస్‌వర్డ్‌నే అనుమానించాను.

రెస్ట్రిక్టెడ్ గ్రూప్స్‌లో "మెంబర్స్" కూడా ఇంతే, తుడిచి రాస్తుంది. "మెంబర్ ఆఫ్" మాత్రం ఉన్నదానికి కలుపుతుంది. ఒకే స్క్రీన్‌లో రెండు గడులు, రెండు తీర్లు.

పెంగ్విన్‌పక్షం · మంగళవారం 10:05

మా లినక్స్ వైపు కథ తలకిందులు. ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అవడానికి వాడేది) సర్వర్ కాన్ఫిగ్‌లో ఒకే పేరు రెండుసార్లు వస్తే మొదటిదే నిలుస్తుంది, చివరిది కాదు. చాలా డిస్ట్రోల్లో ఫైలు మొదట్లోనే ఇన్‌క్లూడ్ లైను ఉంటుంది, పక్క ఫోల్డర్‌లోని చిన్న ఫైళ్లన్నీ ముందే చదువుకుంటుంది. పాస్‌వర్డ్ లాగిన్ వద్దని అసలు ఫైలు చివర రాసి ఊరుకున్నవాళ్లను చూశాను. చిన్న ఫైల్లో "అవును" అని ముందే ఉంది. ఫైళ్లు పోలిస్తే అన్ని సర్వర్లలోనూ "కాదు" అనే కనిపిస్తుంది.

సర్వర్ ప్రోగ్రామ్‌నే పెద్ద టీ స్విచ్‌తో నడిపితే అన్నీ కలిశాక మిగిలిన విలువలు ఒక్కో లైనుగా ఇస్తుంది. పోల్చాల్సింది అది.

రాత్రిడ్యూటీ · మంగళవారం 10:30

"నాట్ కాన్ఫిగర్డ్" అన్నదాన్ని "డిసేబుల్డ్" కింద లెక్కేయకండి. మా జూనియర్ ఒకడు ఎక్సెల్‌లో రెండింటికీ "లేదు" అని రాశాడు. డిసేబుల్డ్ అంటే వద్దని గట్టిగా చెప్పడం. నాట్ కాన్ఫిగర్డ్ అంటే నోరు విప్పకపోవడం, అప్పుడు పైనున్న ఇంకో పాలసీ మాట చెల్లుతుంది.

గ్రూప్ పాలసీలోనే ఉండే ప్రిఫరెన్సెస్ భాగంతో ఇంకా జాగ్రత్త. మామూలు పాలసీ సెట్టింగ్ అయితే పాలసీ పోగానే పోతుంది. ప్రిఫరెన్స్‌తో రాసిన రిజిస్ట్రీ విలువ పాలసీ తీసేసినా పచ్చబొట్టులా ఉండిపోతుంది. ఏ రిపోర్ట్‌లోనూ కనిపించదు, కంప్యూటర్‌లో మాత్రం ఉంటుంది. అలాంటివి పట్టుకోవాలంటే రిజిస్ట్రీనే చదవాలి.

లాగ్‌చదివేవాడు · మంగళవారం 10:34

రిపోర్ట్‌లో "ఎక్స్‌ట్రా రిజిస్ట్రీ సెట్టింగ్స్" అని వస్తే వైరస్ కాదు. దాని ఏడీఎంఎక్స్ ఫైలు (సెట్టింగుల పేర్లు చెప్పేది) మీ దగ్గర లేదు, అంతే. అవి ఉండే సెంట్రల్ స్టోర్ సరిచూసుకోండి.

కొత్తఅడ్మిన్ · మంగళవారం 11:20

కొన్ని ల్యాప్‌టాప్‌లు ఇన్‌ట్యూన్‌లో (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ నుంచి పరికరాలను నిర్వహించేది) కూడా ఉన్నాయి. అవి ఈ లెక్కలోకి ఎలా వస్తాయి? ఇంకో సంగతి: కియాస్క్ పాలసీ నిజమైన కియాస్క్‌లకి కావాలట. కొత్త గ్రూపు చేసి ఫిల్టర్ మారుద్దామనుకుంటున్నా.

స్క్రిప్టమ్మ · మంగళవారం 12:02

ఒకే సెట్టింగ్ రెండు వైపుల నుంచీ వస్తే సాధారణంగా గ్రూప్ పాలసీదే పైచేయి. విండోస్ 10 వెర్షన్ 1803 నుంచి "ఎండీఎం విన్స్ ఓవర్ జీపీ" అని ఒకటి వచ్చింది (ఎండీఎం అంటే ఇన్‌ట్యూన్ లాంటి పరికరాల నిర్వహణ). అది పెట్టి ఉంటే ఇన్‌ట్యూన్ గెలుస్తుంది, అదీ పాలసీ సీఎస్‌పీ అనే జాబితాలో ఉన్న సెట్టింగులకి మాత్రమే. అది పెట్టారో లేదో ముందు తెలుసుకోండి. ఆ ల్యాప్‌టాప్‌లను వేరే షీట్‌లో పెట్టుకోండి, డెస్క్‌టాప్‌లతో కలిపితే లెక్క గందరగోళమవుతుంది.

ఫిల్టర్ మార్చేటప్పుడు ఆథెంటికేటెడ్ యూజర్స్‌ని (లాగాన్ అయిన యూజర్లు, కంప్యూటర్లు అన్నీ ఉండే గ్రూపు) తీసేస్తే డెలిగేషన్ ట్యాబ్‌లో దానికి రీడ్ అనుమతి మళ్లీ ఇవ్వండి, అప్లై అక్కర్లేదు. 2016 జూన్‌లో ఎంఎస్16-072 అనే అప్‌డేట్ వచ్చింది. అప్పటి నుంచి యూజర్ పాలసీలను కూడా కంప్యూటర్ తన అకౌంట్‌తోనే చదువుతుంది. చదివే హక్కు లేకపోతే ఆ పాలసీ చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. ఆ నెల ఎంతమంది డ్రైవ్ మ్యాపింగ్‌లు పోయి తలపట్టుకున్నారో.

కొత్తఅడ్మిన్ · శుక్రవారం 17:45

అప్‌డేట్ ఇస్తున్నా. మూడు రోజులు స్క్రిప్ట్ నడిపితే 188 కంప్యూటర్లు దొరికాయి. స్క్రిప్టమ్మ గారు చెప్పినట్టు ఒక్కో లైనుగా పిండి లెక్కపెట్టాను. ఇనాక్టివిటీ లిమిట్ 900 లేనివి ఐదు తేలాయి. నాలుగింట్లో 0, అవి అదే పాత గ్రూపులో ఉన్నాయి. ఐదోదానికి ఆ సెట్టింగే లేదు. అది ఓయూలోనే లేదు, డొమైన్‌లో చేరినప్పుడు పడ్డ కంప్యూటర్స్ కంటైనర్‌లోనే ఉండిపోయింది. దానికి ఏ ఓయూ పాలసీ కూడా ఎప్పుడూ అందలేదు. కళ్లతో ఎంత వెతికినా కనిపించనిది లెక్కలో బయటపడింది. బేస్‌లైన్‌తో పోలిక వచ్చే వారం చేస్తాను, అరవైనాలుగుబిట్లు గారూ, మర్చిపోలేదు.

కియాస్క్ పాలసీకి బ్యాకప్ తీసి, కొత్త గ్రూపుకి ఫిల్టర్ మార్చాను, రీడ్ అనుమతి కూడా ఇచ్చాను.

పాత గ్రూపులో ఉన్న ఆ నాలుగింటిలో ఒకటి మా మేనేజర్‌ గారిదే. అది లాక్ అవదని ఆయనకి తెలుసో లేదో నేను అడగలేదు. సోమవారం పొద్దున ప్యాచ్‌ల రీస్టార్ట్ ఉంది.

రాత్రిడ్యూటీ · శుక్రవారం 17:52

సోమవారం పొద్దున సెలవు పెట్టు తమ్ముడూ.